నీలి పిలిచిన పేరు

"కదలకు వదినా, వచ్చేస్తోంది" అంది మా ఆడపడుచు హైమ గట్టు మీద నుంచి.

ఏది వచ్చేస్తోందో నాకు అర్థం కాలేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. కొలను అడుగున పరిచిన తెల్ల పలకల మీద మరకలు కూడా కనిపిస్తున్నాయి, అంత తేటగా ఉన్నాయి నీళ్ళు. అందులో నేను తప్ప పురుగు కూడా లేదు. నా పెళ్ళయిన నాటి నుంచి నన్ను ఏడిపించడంలో ఆరితేరిన మనిషి హైమ. ఇది కూడా అలాంటి వేళాకోళమే అనుకున్నాను.

అంతలో నా తొడ పక్కనుంచి ఏదో నున్నగా, బరువుగా రాసుకుంటూ వెళ్ళింది.

కెవ్వుమని అరిచాను. వెనక్కి తిరిగేలోపు అది రెండో పక్కకి వచ్చి, నా అరచేతి కింద దూరి, చేతిని పైకెత్తింది. "కళ్ళజోడు! కళ్ళజోడు పెట్టుకో!" అని హైమ అరుస్తోంది. నుదుటి మీదున్న కళ్ళజోడు కిందికి లాక్కునేసరికి కనిపించింది. డాల్ఫిన్! బూడిదరంగు వీపు, నవ్వుతున్నట్టుండే మూతి, నన్నే చూస్తున్న చిన్న కన్ను. కళ్ళజోడు తీస్తే ఖాళీ నీళ్ళు. కానీ నా చేతి కింద అది అలాగే ఉంది. ఊపిరి తీస్తోంది.

"గోడల నిండా సన్నటి రంధ్రాలున్నాయి చూడు. వాటిలోంచి నీళ్ళు నీళ్ళనే తోస్తాయి. నువ్వు ముట్టుకున్నది ఉత్త నీళ్ళే" అంటూ హైమ ఏదో మీట నొక్కింది. నా చేతి కింద వీపు కరిగిపోయింది. చెయ్యి దబ్బున నీళ్ళలో పడింది.

నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. లేనిదాన్ని అంతలా నమ్మినందుకు సిగ్గు కూడా వేసింది.

"దీని పేరు నీలి" అంది హైమ గర్వంగా. "దీనికి ఆకలి వెయ్యదు, జబ్బు చెయ్యదు, దీన్ని ఎవరూ సముద్రంలోంచి ఎత్తుకు రాలేదు."

ఆ చివరి మాట కోసమే హైమ ఇన్నేళ్ళు కష్టపడింది. ఏదో సమావేశానికి పరాయి దేశం వెళ్ళినప్పుడు అక్కడ డాల్ఫిన్లతో పిల్లలకి చికిత్స చేస్తున్న చోటు చూసింది. మాట రాని పిల్లలు, మనుషుల కళ్ళలోకి చూడని పిల్లలు ఆ తొట్టిలో దిగి కిలకిలా నవ్వుతున్నారట. "పిల్లలు నవ్వుతున్నారు వదినా, అది అబద్ధం కాదు. కానీ ఆ డాల్ఫిన్ ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది. గోడకి రాసుకుని రాసుకుని దాని మూతి మీద తోలు లేచిపోయింది" అని చెప్పి ఆరోజు అన్నం మానేసింది. అప్పటి నుంచీ ఇదే పిచ్చి. భీమిలి వెళ్ళే దారిలో సముద్రానికి ఎదురుగా షెడ్డు అద్దెకి తీసుకుని, ఈ కొలను కట్టించింది.

నీలికి గొంతు కావాల్సి వచ్చినప్పుడు మన సముద్రంలోని డాల్ఫిన్ల గొంతే కావాలంది. పడవలేసుకుని వాటి వెంటపడడానికి మాత్రం ఒప్పుకోలేదు. సముద్రం అడుగున మైకులు దింపి వదిలేసింది, అంతే. కెమెరా పెట్టలేదు. డ్రోను ఎగరెయ్యలేదు. "చూడాలంటే వాటిని బెదరగొట్టాలి. నాకు వింటే చాలు" అనేది. అంత మెత్తటి మనసు దానిది.

ఇక నా కూతురి సంగతి. నిరుపమకి అప్పటికి ఐదు దాటింది. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. చెవుల్లో లోపమేమీ లేదు, పక్కగదిలో బిస్కట్ పొట్లం విప్పితే టక్కున వచ్చి నిలబడుతుంది. పిలుపే దానికి అక్కర్లేదు. నిరూ, నిరుపమా, బంగారూ, దొంగపిల్లా, ఇంకా ఎన్ని రకాలుగా పిలిచానో. వీధిలో పిలిచాను, దేవుడి గదిలో పిలిచాను, జ్వరంలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని పిలిచాను. నేను బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మని. నా కేకకి నలభై మంది పిల్లలు బిక్కచచ్చి కూర్చుంటారు. నా ఒక్కగానొక్క కూతురు మాత్రం కిటికీ చువ్వ మీద వేలు రాస్తూ ఉండిపోతుంది. కన్నబిడ్డ తిరిగి చూడకపోవడం ఎంత అవమానమో ఎవరికి చెప్పుకుంటాం? అవమానం అనకూడదేమో. నాకు అలాగే ఉండేది.

కొలనులో దిగిన మొదట్లో నిరూ నీలిని కూడా అలాగే పట్టించుకోలేదు. హైమ కంప్యూటరుకి మాత్రం ఓపిక ఎక్కువ. సముద్రంలో దొరికిన ధ్వనుల్లోంచి ఒక్కొక్కటీ వినిపిస్తూ, ఏ ధ్వనికి అక్కడికి వచ్చే పిల్లలు తల తిప్పుతారో చూసుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించేది. తిరగనివాటిని వదిలేసేది. పోగా పోగా ఒకే ఒక్క ఈల మిగిలింది. కిందనుంచి మొదలై పైకి లేచి, చివర్లో కాస్త వణికి, ఠక్కున ఆగిపోయే ఈల.

ఆ ఈల విన్న రోజు నా కూతురు తల తిప్పింది.

తల తిప్పడమే కాదు, మూతి సున్నాలా చుట్టి తనూ అదే ఈల వేసింది. నీలి మళ్ళీ వేసింది. నిరూ మళ్ళీ వేసింది. నేను గట్టు మీద కూలబడిపోయాను. హైమ వచ్చి నన్ను పట్టుకుంది, తనూ ఏడుస్తోంది. "చూశావా వదినా, అది నిరూకి పేరు పెట్టింది" అంది.

పిల్లల ఈల నీళ్ళలో సరిగ్గా పాకదని హైమ ఒక బెల్టు తయారుచేసింది. ఛాతీకి కట్టుకుంటే లోపలి అదురుని పట్టుకుని, డాల్ఫిన్ గొంతులోకి మార్చి నీళ్ళలోకి వదులుతుంది. ఈల వేసినప్పుడల్లా దాని మీద పచ్చ దీపం వెలుగుతుంది. ఆ బెల్టుని నిరూ ఒంటి మీద నుంచి తియ్యనిచ్చేది కాదు. నిద్రలో కూడా దాని మీద చెయ్యి వేసుకుని పడుకునేది.

ఇంట్లో అందరం ఈల నేర్చుకున్నాం. మావారికి ఎంత తన్నుకున్నా గాలి తప్ప ఏమీ రాలేదు. మా అత్తగారు మొదట్లో మండిపడ్డారు. "ఇదేం చోద్యమే! ఆడపిల్లని ఈల వేసి పిలుస్తారా, సందు చివర పోకిరీ వెధవల్లాగా?" అన్నారు. నాలుగు రోజులు పోయాక కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో పడేసి, వంటింట్లో ఆవిడొక్కరే సాధన చేస్తూ దొరికిపోయారు. మా అందరికంటే ఆవిడ ఈలే చక్కగా కుదిరింది. "రావే తల్లీ" అనడానికి బదులు ఈల వేసేవారు. నిరూ పరిగెత్తుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చునేది. ఆవిడ విజయగర్వంతో నా వంక చూసేవారు. నాకు ఒళ్ళు మండేది, సంతోషంగానూ ఉండేది.

హైమ దగ్గరికి వచ్చే పిల్లలు నిరూతో కలిపి పదిమంది పైనే. ఒకరోజు తల్లిదండ్రులందరినీ పిలిచి, పిల్లల్ని హాల్లో బొమ్మల మధ్య కూర్చోబెట్టి, హైమ తలుపు దగ్గర నిలబడి ఈల వేసింది. ఎవరికీ తిరగని ఆ పిల్లలందరూ ఒక్కసారి తలలు తిప్పారు. తండ్రులు కూడా వెక్కి వెక్కి ఏడ్చారు ఆరోజు. ఒకాయన హైమ కాళ్ళకి దండం పెట్టబోతే అది సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

ఆ తరువాత ఆదివారం నిరూని సముద్రానికి తీసుకెళ్ళాను. హైమ షెడ్డుకి కాస్త అవతల చిన్న ఒడ్డు ఉంది, పడవలు లాగి ఉంటాయి, జనం ఉండరు. నిరూ బెల్టు తియ్యనివ్వకుండా పేచీ పెట్టింది. పోనీలే అనుకున్నాను. మోకాళ్ళ లోతు వరకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నిలబెట్టాను. అల వచ్చి ఛాతీ దాకా తడిపింది. నిరూ సముద్రం వైపు చూసి ఈల వేసింది. పచ్చ దీపం వెలిగింది. కాసేపు ఎదురుచూసి మళ్ళీ వేసింది.

నాకు నవ్వొచ్చింది. "ఇక్కడ నీలి లేదురా తల్లీ, అది అత్త కొలనులో ఉంది" అన్నాను.

వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళలోంచి ఎవరో కేకవేశారు. తలెత్తి చూస్తే, అలల అవతల నల్లటి రెక్క ఒకటి నీళ్ళని కోసుకుంటూ నేరుగా మా వైపు వస్తోంది. అలలు విరిగే చోట ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. అల మీద పడి, అలతో పాటు దొర్లి, మాకు పది అడుగుల దూరంలో ఇసుకలో పొట్ట ఆనించి ధడేల్‌మని పడింది. నిరూని ఎత్తుకుని వెనక్కి గెంతాను.

అంత పెద్దదని నేననుకోలేదు. తోకతో ఇసుకని కొడుతోంది. పొట్ట కింద నురుగు ఎర్రబడుతోంది. తల మీద ఉన్న రంధ్రం తెరుచుకుని బుస్సుమని గాలి వదిలింది, ఆ గాలితో పాటు ఈల వేసింది.

నీలి ఈల. అదే. కిందనుంచి లేచి, చివర్లో వణికి, ఠక్కున ఆగేది.

నుదుటి మీద చెయ్యి పెట్టి తడుముకున్నాను, కళ్ళజోడు ఉందేమోనని. లేదు. నా చంకలో నిరూ కేరింతలు కొడుతూ ఈల వేసింది. ఇసుకలో పడి ఉన్న ఆ ప్రాణి గింజుకుంటూ ఇంకా ముందుకి, ఇంకా పొడి ఇసుక మీదికి జరగబోయింది.

"పిల్లని ఎనక్కి తీసుకెల్లండమ్మా!" అంటూ ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. పోలారావు అని తరువాత తెలిసింది, అక్కడి పడవ ఒకటి అతనిదే. నలుగురైదుగురు కలిసి తడి గోనెలు దాని కిందికి తోసి, లోతు నీళ్ళలోకి నెట్టారు. అది గుండ్రంగా తిరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ నెట్టారు. నిరూ గుక్కపట్టి ఏడుస్తూ నన్ను తంతూ ఉంటే ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేశాను. నిరూ ఈల నీళ్ళకి అందనంత దూరం వచ్చాక గానీ అది వెళ్ళలేదు.

హైమకి ఫోన్ చేసి చెప్పాను. ఏదో ఒక వెటకారం ఆడుతుందనుకున్నాను. "అదే ఈల వేసిందా వదినా? నిరూ ఈలే వేసిందా? సరిగ్గా అదేనా?" అంది. దాని గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

మర్నాడు షెడ్డుకి వెళితే పిల్లలెవరూ లేరు, రావద్దని చెప్పేసింది. కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ప్రతి డాల్ఫిన్‌కీ తనదంటూ ఒక ఈల ఉంటుంది వదినా. అదే దాని పేరు. నేనిక్కడున్నాను అని చెప్పాలంటే తన పేరు తను ఈల వేస్తుంది. ఇద్దరికి ఒకే పేరు ఉండదు. ఇంకోదాని పేరు ఈల వేసిందంటే, దాన్ని పిలుస్తోందని."

"అయితే?"

"ముక్కలు చెయ్యకముందు ఉన్న అసలు రికార్డు ఇది. విను."

విన్నాను. గుడగుడమని నీళ్ళ చప్పుడు. అందులో సన్నటి లేత గొంతు ఒకటి ఆ ఈల వేస్తోంది, అచ్చం నిరూలాగే, చివరి వణుకు ఇంకా కుదరక తడబడుతూ. వెంటనే బొంగురు గొంతు ఒకటి అదే ఈలని తిరిగి వేస్తోంది. లేతది, బొంగురుది. లేతది, బొంగురుది. కన్నతల్లినైన నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. తరువాత పెద్ద ఇంజన్ మోత వచ్చింది, ఏదో గీసుకుపోతున్న చప్పుడు. అది పోయాక లేత గొంతు లేదు.

బొంగురు గొంతు ఒక్కటే ఈల వేస్తోంది. ఆగి, మళ్ళీ వేస్తోంది. హైమ రికార్డుని ముందుకి జరిపింది. వేస్తూనే ఉంది. ఇంకా ముందుకి జరిపింది. ఇంకా వేస్తూనే ఉంది.

"రోజుల తరబడి ఇదే ఉంది" అంది హైమ. "పిల్ల వలలో పడి పోయినట్టుంది. కంప్యూటరుకి ఇవేవీ తెలియవు కదా, దానికి ఒక్కొక్కటీ విడి ముక్క. పిల్లలు దేనికి తల తిప్పారో అదే ఏరుకుంది. ఆ ఈలకే ఎందుకు తిరుగుతున్నారో నేనైనా అడగాలి కదా! సంతోషంగా ఆడుకుంటోందనుకున్నాను. అంత ఆత్రంగా ఇంకే ధ్వనీ లేదు వదినా. అందుకే తిరిగారు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. హైమ మీద కాదు. ఎవరి మీదో తెలియదు. "నేను ఆత్రంగా పిలవలేదా? ఐదేళ్ళు గొంతు పగిలేలా పిలిచాను కదే! నా పిలుపుకెందుకు తిరగలేదు?" అని అరిచేశాను.

హైమ తల వంచుకుని రికార్డు ఆపేసింది.

కాసేపటికి ఆ మిగతా సంగతి నా బుర్రకెక్కింది. మేం ముద్దుగా పిలుచుకుంటున్నది చచ్చిపోయిన పిల్ల పేరు. మా అత్తగారు పళ్ళు తీసి మరీ నేర్చుకున్నది ఆ పేరు. హాల్లో తలలు తిప్పిన పిల్లలందరికీ అదే పేరు. నిరూ నిన్న సముద్రంలో నిలబడి, పచ్చ దీపం వెలిగించుకుని, అమ్మా నేను ఇక్కడే ఉన్నానని ఆ తల్లికి చెప్పింది. నేను పక్కనే నిలబడి నవ్వాను.

అంతటితో అయిపోతుందనుకుంటే అవలేదు. పోలారావు హైమ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మగోరూ, ఆ డాల్ఫిను ఎల్లనేదు. మీ పాప నిలబడ్డ కాడికే వొచ్చీస్తంది. పొట్టంతా గీసుకుపోయింది. మేం తోత్తన్నాం, అదొత్తంది. ఇంకో రెండు తడవలు ఎక్కిందంటే బతకదమ్మా" అన్నాడు.

హైమ నీళ్ళలో రకరకాల ధ్వనులు వినిపించి చూసింది. ఒక్కదానికీ అది చెవి ఒగ్గలేదు. ఇక్కడ ఇంట్లో నిరూ అంతకంటే అన్యాయంగా ఉంది. కొలను మూసేశాం, బెల్టు దాచేశాం, ఈల వెయ్యొద్దని ఇంట్లో అందరం ఒట్టు పెట్టుకున్నాం. నిరూ గుమ్మం దగ్గర నిలబడి ఈల వేస్తుంది, ఎవరమూ పలకం. మళ్ళీ వేస్తుంది. తల తలుపుకేసి కొట్టుకుంటుంది. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయేవారు.

"ఒక్కటే దారి వదినా" అంది హైమ చివరికి. "వాటికి చూపంటే శబ్దమే. టకటకమని చప్పుడు వదిలి, అది తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి ఒంటి లోపలి దాకా చూస్తాయి. ఒడ్డున అలల హోరులో, ఇసుకలో దానికి ఏమీ తెలియట్లేదు. లోతు నీళ్ళలో, నిశ్శబ్దంలో ఒక్కసారి నిరూ దగ్గరికి వస్తే తెలిసిపోతుంది, తన పిల్ల కాదని."

మావారు లేచి నిలబడ్డారు. చెల్లెలి మీద ఆయన గొంతు లేవడం నేను ఏనాడూ వినలేదు. "నా కూతుర్ని ఎరగా వేస్తావా? దానికి కోపమొస్తే? తన పిల్లేననుకుని లోపలికి లాక్కుపోతే?"

ఆయన ప్రశ్నల్లో తప్పేముంది? నేనే అన్నాను, "నేనూ దిగుతాను నీళ్ళలో" అని. భయం లేక కాదు. పోలారావు మాటలు విన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించడంలేదు. ఎవరో నిరూ గొంతుతో నన్ను వీధి చివరికి పిలిస్తే నేనూ లారీల కింద నుంచైనా పోతాను. ఆ మాటే మావారితో చెప్పాను. చివరికి ఆయన "నేనూ వస్తాను" అన్నారు.

పొద్దున్నే పోలారావు పడవలో బయలుదేరాం. గాలి లేదు. ఒడ్డు సన్నటి గీతలా కనిపించేంత దూరం వెళ్ళాక ఇంజన్ ఆపించేశాడు. నిరూకి లైఫ్ జాకెట్ వేసి, దానిమీద బెల్టు కట్టాం. బెల్టు చూడగానే దాని ముఖం వెలిగిపోయింది. నేను ముందు దిగి చేతులు చాచాను. మావారు నిరూని నాకు అందించి, మా ఇద్దరికీ కట్టిన తాడు పట్టుకుని కూర్చున్నారు. హైమ మైకు నీళ్ళలో వదిలి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

నిరూ ఈల వేసింది. పచ్చ దీపం వెలిగింది.

ఎంతోసేపు పట్టలేదు. "వస్తోంది" అంది హైమ. దాని ముఖం పాలిపోయింది. "చాలా వేగంగా వస్తోంది వదినా."

నాకు రెక్క కనిపించింది. నీటి మీద తెల్లటి చార లేస్తోంది. నిరూని రెండు చేతులా పొదువుకున్నాను. మావారు తాడు లాగబోతుంటే పోలారావు ఆయన చెయ్యి పట్టుకుని, "కదపొద్దు బాబూ" అన్నాడు. కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ మూతపడలేదు. అది మాకు చేతికందే దూరంలోకి వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయింది. అది రేపిన నీళ్ళు మా మొహాల మీదుగా పోయాయి.

అప్పుడు నా పక్కటెముకల్లో ఏదో జివ్వుమంది. నీళ్ళే సన్నగా అదురుతున్నాయి. నా ఒంట్లోంచి, నిరూ ఒంట్లోంచి ఆ అదురు దూసుకుపోతోంది. నిరూ ఊపిరి బిగబట్టింది. డాల్ఫిన్ తల కొంచెం పక్కకి తిప్పింది. మళ్ళీ ఆ అదురు, ఈసారి ఇంకా నెమ్మదిగా, నిరూ తల దగ్గరనుంచి కాళ్ళ దాకా. దాని పొట్ట మీద గాట్లు తెల్లగా తేలి కనిపిస్తున్నాయి.

ఆగిపోయింది ఆ అదురు. అంతే. దానికి తెలిసిపోయింది.

అది ఏమీ చెయ్యలేదు. కోప్పడలేదు, మమ్మల్ని తాకలేదు. కాస్త వెనక్కి జరిగి, మా వైపు కాకుండా లోతు సముద్రం వైపు తిరిగి ఈల వేసింది. ఆ ఈల నాకు నీళ్ళలోంచి ఒంటికి తగిలింది.

నిరూ వెంటనే బదులు వేసింది. అది తిరగలేదు.

నిరూ ఇంకా గట్టిగా వేసింది. దీపం వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది. అది నెమ్మదిగా దూరం జరుగుతూ, అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి, ఖాళీ నీళ్ళని ఆ పేరుతో పిలుస్తూ పోతోంది. మా వైపు తప్ప అన్ని వైపులా పిలిచింది. నా చేతుల్లో నిరూ మెడ నిక్కించి, బుగ్గలు ఎర్రబడేలా ఈల వేస్తూనే ఉంది. నేనిక్కడ, నేనిక్కడ, నేనిక్కడ.

ఎంత పిలిచినా తిరిగి చూడకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా పిల్లకి అది తెలియాల్సిన రోజొకటి వస్తుందని, నేనే చేతులారా నీళ్ళలోకి దింపి తెలిసేలా చేస్తానని ఏనాడూ అనుకోలేదు.

కాసేపటికి నిరూ ఆగిపోయింది. రెక్క కనిపించనంత వరకూ చూసింది. తరువాత తల వంచి, బెల్టు పట్టీ మీద వేళ్ళు పెట్టి లాగింది. ఊడలేదు. పళ్ళతో లాగింది. ఎన్నాళ్ళుగానో ఒంటి మీద నుంచి తియ్యనివ్వని బెల్టుని విప్పి, నా చేతిలో పెట్టింది. హైమ హెడ్‌ఫోన్ తియ్యకుండా కూర్చుని, ఒడ్డు చేరేదాకా వింటూ ఏడుస్తూనే ఉంది.

ఆ డాల్ఫిన్ మళ్ళీ ఒడ్డుకి రాలేదని పోలారావు కబురు చెప్పాడు. హైమ నీలి గొంతులోంచి ఆ ఈల తీసేసింది. కొలను మళ్ళీ తెరిచింది గానీ పిల్లలు ఇదివరకులా తల తిప్పలేదు. ఒక తల్లి మా ఇంటికే వచ్చి నిలదీసింది. "ఎక్కడో సముద్రంలో జంతువు బాధపడిందని నా కొడుకు నోరు నొక్కేశారు కదా! మీకు న్యాయంగా ఉందా?" ఆవిడకి కాఫీ ఇచ్చాను. ఆవిడ స్థానంలో ఉంటే నేను ఇంకా పెద్ద గొంతు చేసుకుని ఉండేదాన్ని. హైమ మాత్రం మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఏ ధ్వని ఎవరిదో, ఎవరితో అన్నదో తెలిస్తేగానీ కొలనులోకి రానివ్వనంటోంది. దానికి ఎన్నేళ్ళు పడుతుందో దానికే తెలియదు.

నిరూ ఈల మానేసింది. అలిగిందేమో, మళ్ళీ మొదటికే వచ్చిందేమో నాకు తెలియలేదు. ఇంట్లో ఒక మూల కూర్చుని సీసా మూతలు వరస పెట్టుకునేది. మునుపటిలాగే పిలిస్తే పలకదు.

ఒక మధ్యాహ్నం మా అత్తగారు పెరుగన్నం కలిపి, ఒక ముద్ద రుచి చూసి, వరండాలో కూర్చున్నారు. ఆవిడకి మా ఒట్టు గుర్తులేకపోయిందో, ఉండబట్టలేకపోయారో, నోరు చుట్టి ఈల వేసేశారు. వేశాక తనే గతుక్కుమన్నారు.

నిరూ మూతలు వదిలి లేచింది. నడుచుకుంటూ వచ్చి నానమ్మ నోటి మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కింది. తల అటూ ఇటూ ఊపింది. అలా తల ఊపడం దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు, ఆరోజు వరకు ఎవరికీ అవుననీ కాదనీ చెప్పిన పిల్ల కాదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నిరూ నా దగ్గరికి కూడా వచ్చి, కింద కూర్చోమన్నట్టు కొంగు లాగి, నా నోటి మీదా చెయ్యి పెట్టింది. మళ్ళీ తల ఊపింది.

అది తన పేరు కాదని చెబుతోంది నా కూతురు. పుట్టాక అది నాకు చెప్పిన మొదటి సంగతి అదే.

ఆ చెయ్యి కిందనుంచే, ఎలాగో, "నిరూ" అన్నాను. పెరుగన్నం వాసన వేస్తున్న ఆ అరచేతికి నా పెదాల కదలిక తగిలినట్టుంది. చెయ్యి తీసి, అరచేతిలో ఏముందా అని చూసుకుంది. తిరగేసి కూడా చూసింది.

తరువాత ఆ చేతిని మళ్ళీ నా నోటి మీద పెట్టింది. నేను మళ్ళీ అన్నాను.